తప్పు కొట్టడానికి అనుమతి

వజ్రకవచం అనే సాఫ్ట్‌వేరుకి ఉన్న పని ఒకటే. కాగితాన్ని లోపల పెట్టుకుని తాళం వేసుకుంటుంది. మళ్ళీ తెరవాలంటే పాస్‌ఫ్రేజ్ చెప్పమంటుంది. పాస్‌ఫ్రేజ్ అంటే మరేం కాదు, పాస్‌వర్డుకి పెద్దన్న. ఒక్క మాటకు బదులు ఓ వాక్యం. సరైన వాక్యం కొడితే తెరుచుకోవాలి. తప్పుడు వాక్యం కొడితే తెరుచుకోకూడదు. ఈ రెండు ముక్కలూ నిజమో కాదో తేల్చడానికి రాష్ట్ర గోప్యతా మండలి వారు కాకినాడలో, ఒకప్పటి మత్స్యశాఖ గోదాము మేడ మీద, ఒక పరీక్షా కేంద్రం పెట్టారు. గోదాము ఖాళీ అయి తొమ్మిదేళ్ళయినా ఎండుచేపల వాసన మాత్రం ఖాళీ చెయ్యలేదు. రహస్యాలకు అదీ ఒక కాపలాయే అనుకోవాలి.

ఆ కేంద్రంలో నిజంగా పరీక్షలు చేసే మనిషి ఒక్కతే, హైమవతి. పదకొండేళ్ళుగా కాంట్రాక్టు ఉద్యోగం. మిగతావాళ్ళందరూ పరీక్షలు జరిగేలా చూసేవాళ్ళు, జరిగాయని రాసేవాళ్ళు, రాసినదాని మీద సంతకాలు పెట్టేవాళ్ళు.

ఈసారి వజ్రకవచంలోకి వెళ్ళబోతున్నవి ఉద్యోగ నియామక పరీక్ష ప్రశ్నపత్రాలు. ఆ పరీక్ష హైమవతి కూడా రాస్తోంది. అంతకు ముందు రెండుసార్లు రాయబోయింది. రెండుసార్లూ పేపరు ఒకరోజు ముందే టీ కొట్ల దగ్గరికి వచ్చేసింది, పరీక్ష రద్దయింది. ఈ ఏడాది దాటితే ఆమెకు వయసు దాటిపోతుంది. మళ్ళీ రద్దయితే జీవితాంతం కాంట్రాక్టే. కాబట్టి ఈ తాళం గట్టిదో కాదో రాష్ట్రంలో అందరికంటే ఎక్కువగా తెలియాల్సింది ఆమెకే.

ఆమె పద్ధతి తేలికైనది. మొత్తం ఆరువందల పన్నెండు పరీక్షలు. ప్రతి పరీక్షకీ తెర మీద ఒక పెట్టె తెరుచుకుని పాస్‌ఫ్రేజ్ అడుగుతుంది. అన్నిసార్లు చేత్తో కొడుతూ కూర్చుంటే వేళ్ళు అరిగిపోతాయి. అందుకని లోకంలో ఈ పని చేసేవాళ్ళందరూ చేసేదే ఆమె కూడా చేసేది: ఒక ఉత్తుత్తి పాస్‌ఫ్రేజ్‌ను పరీక్షలోనే రాసి పెట్టేది, మిషనే అడిగేది, మిషనే చెప్పుకునేది. ఆ వాక్యం 'ఉప్పు తగినంత వేయవలెను.' లోపల దాచిన కాగితం గుత్తివంకాయ కూర చేసే విధానం. నాలుగు నిమిషాల్లో ఆరువందల పన్నెండూ అయిపోయేవి. ఆ నాలుగు నిమిషాల్లో ఆమె టీ తాగి వచ్చేది.

ఒక మంగళవారం సూపరింటెండెంటు భాష్యకారాచారి గారు ఆమె వెనక నిలబడ్డారు. ఆయన నిబంధనల పుస్తకం లేకుండా మంచినీళ్ళు కూడా తాగరని ఆఫీసులో చెప్పుకునేవారు. ఇంట్లో ఎలా మాట్లాడతారో తెలియదు గానీ, ఆఫీసులో మాత్రం సర్క్యులరు భాషలోనే మాట్లాడతారు.

"ఏమిది?"

"పాస్‌ఫ్రేజ్ అండి."

"పాస్‌ఫ్రేజ్ ఇట్లు బహిరంగముగా లిఖించబడి యున్నదేమి?"

"అది ఉత్తుత్తిదండి. లోపలున్నది గుత్తివంకాయ కూర."

"రహస్యమునకు ఉత్తుత్తి, అసలు అను తారతమ్యము లేదు. నేడు వంకాయను కాపాడజాలని వారు రేపు రాష్ట్రమును కాపాడుదురా?" అంటూ ఆయన తెర మీదకి ఇంకాస్త వంగారు. "ఈ మూడువందల ఆరు పర్యాయములు వేరొక వాక్యము కొట్టబడినదే?"

"అవి కావాలని తప్పు కొట్టేవండి. తప్పు కొడితే తెరుచుకోకూడదు కదండీ. ఆ సంగతి కూడా చూడాలి కదా."

భాష్యం గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "అనగా ప్రతిదినము మూడువందల ఆరు పర్యాయములు, తెలిసి తెలిసి, ప్రభుత్వ యంత్రమునకు అసత్యము చెప్పుచున్నావు."

సాయంత్రానికల్లా సర్క్యులరు వచ్చింది. ఇకపై పాస్‌ఫ్రేజ్ ఎక్కడా రాయకూడదు. మిషను తనకు తాను చెప్పుకోకూడదు. అడిగిన ప్రతిసారీ మనిషే కొట్టాలి. తప్పుడు పాస్‌ఫ్రేజ్ కొట్టడం క్రమశిక్షణా రాహిత్యం, కొట్టినవారిని ఆ రోజే తొలగిస్తారు. తప్పు పరీక్షలు మూడువందల ఆరూ కొట్టివేయడమైనది. మిగిలింది ఒప్పు పరీక్షలు మూడువందల ఆరు.

సరిగ్గా మర్నాడే తయారీ కంపెనీ నుంచి వజ్రకవచం కొత్త రూపం వచ్చింది. ప్రశ్నపత్రాలు పెట్టబోయేది ఇందులోనే.

డైరెక్టరు సుబ్బరాయరాజు గారు మంచివారే. ఎవరినీ ఒక్కమాట అనరు. అయితే ఆయన కింద ఎవరైనా ఒక మంచి నిబంధన పెడితే, దానికంటే మంచిది తాను పెట్టకపోతే ఆయనకు అన్నం సయించదు.

"ఒక్కరికే మొత్తం తెలిస్తే ప్రమాదం కదండీ, ముగ్గురికి పంచేద్దాం" అన్నారు. మొదటి ముక్క డైరెక్టరు గారికి, రెండోది భాష్యం గారికి, మూడోది అకౌంట్సు అధికారికి. అకౌంట్సు అధికారి కుర్చీ ఆరేళ్ళుగా ఖాళీ. ఆ కుర్చీని రోజూ తుడుస్తున్నవాడు కనుక ఇన్‌చార్జి బాధ్యతలు అటెండరు యేసుపాదానికి అప్పగించారు. ఇంకో నాలుగు నెలల్లో రిటైరు కాబోతున్న మనిషి, ఈ వయసులో రాష్ట్ర రహస్యంలో మూడోవంతు నెత్తిన పడిందని బెంగపెట్టుకున్నాడు.

తెర మీద చుక్కలు పడుతుంటే వాక్యం పొడవు తెలిసిపోతోందని భాష్యం గారు కనిపెట్టారు. కంప్యూటరు మీద దుప్పటి కప్పారు. ఒక్కొక్కరే దుప్పట్లో దూరి, తన ముక్క కొట్టి, చెమటలు కక్కుతూ బయటికి వచ్చేవారు. కీల చప్పుడు లెక్కపెట్టినా పొడవు తెలుస్తుందని రాజుగారు కనిపెట్టారు. ఆఫీసుకి మిక్సీ కొన్నారు. దుప్పట్లో ఎవరున్నా సరే, బయట మిక్సీ తిరుగుతూ ఉండాలి. ఊరికే తిప్పితే మోటారు కాలిపోతుందని యేసుపాదం ఇంటి నుంచి అల్లం, చింతపండు తెచ్చేవాడు. ఆ నెల ఆఫీసంతా అల్లప్పచ్చడి తింది. పని లేని వేళల్లో కీబోర్డు డైరెక్టరు గారి ఇనప బీరువాలో ఉండేది. ముగ్గురూ కలిసి వస్తే తప్ప బయటికి తియ్యకూడదు. హైమవతి పని కీబోర్డు తగిలించడం, మళ్ళీ ఊడదీయడం.

సోమవారం సోమవారం పాస్‌ఫ్రేజ్ మారేది. ఎవరి ముక్క వారికి చీటీ మీద ఇచ్చేవారు. చదివి మింగెయ్యాలి. శనివారం సాయంత్రం ముగ్గురూ ఒక పత్రం మీద సంతకం పెట్టాలి: 'ఈ వారపు పాస్‌ఫ్రేజ్‌ను నేను సంపూర్ణముగా మరచిపోతినని ఇందుమూలముగా ధ్రువీకరించుచున్నాను.' ఇంత కట్టుదిట్టంగా చేసినా పరీక్షలు రోజుకి పది చొప్పున సాగిపోయాయి. ఒక్కటి కూడా తప్పలేదు. నూటికి నూరు. రాజుగారు గోడకు ఒక చార్టు అంటించి రోజూ ఒక నక్షత్రం పెట్టేవారు.

ఒక గురువారం మధ్యాహ్నం యేసుపాదం హైమవతికి టీ తెచ్చి, గ్లాసు ఇచ్చి, కదలకుండా నిలబడ్డాడు.

"ఏంటండీ యేసుపాదం గారూ?"

"ఓ మాట సెప్పుకోవాలండి మేడమ్. ఎవరితోనూ అనకండేం. అంటే నా పింఛను పోద్దండి."

"అననులెండి. చెప్పండి."

"సోమారం సీటీ ఇచ్చేరు కదండీ. సదివి మింగమన్నారు. నేను కంగార్లో ముందే మింగేసేనండి."

"చదవకుండానా?"

"ఆయ్. మళ్ళీ అడుగుదావంటే సూపర్నెంటు గారు చంపేత్తారని భయమేసిందండి."

"మరి సోమవారం నుంచీ దుప్పట్లో ఏం కొడుతున్నారు?"

"మా ఆవిడ పేరండి. దానమ్మ."

హైమవతి టీ గ్లాసు బల్ల మీద పెట్టేసింది. "తెరుచుకుంటోందా?"

"మీరు సూత్తానే ఉన్నారు కదండీ, ఒక్కసారంటే ఒక్కసారి కాదన్లేదు. మా ఆవిడతో కూడా అన్నానండి, నీ పేరుకి గవర్నమెంటులో ఇంత పలుకుబడి ఉందేంటే అని. నిన్న ఆవిడతో మాటా మాటా వచ్చిందండి. కోపంతో బెల్లం అని కొట్టేను. దానికీ తెరుసుకుంది."

హైమవతికి సంగతి అర్థమైపోయింది. కొత్త వజ్రకవచం పాస్‌ఫ్రేజ్ అడుగుతుంది, వింటుంది, ఏం చెప్పినా సరేనంటుంది. తాళం లేదు, తాళం బొమ్మ ఉంది. దీంట్లో ప్రశ్నపత్రాలు పెడితే పేపరు టీ కొట్టు దాకా నడిచి వెళ్ళక్కర్లేదు, ఎగిరే వెళ్తుంది. మూడోసారి పరీక్ష రద్దు. ఆమెకు వయసు మించిపోవడం. యేసుపాదం పేరు చెప్తే తేలిపోతుంది గానీ మాటిచ్చింది, పైగా ముసలాయన పింఛను. మిగిలిన దారి ఒకటే: అందరి ముందూ ఒకసారి తప్పు కొట్టి చూపించడం.

రాజుగారి గదిలోకి వెళ్ళింది.

"సార్, కొత్తదాంట్లో తప్పు పాస్‌ఫ్రేజ్ ఒక్కసారి కొట్టి చూడాలండి."

"ఎందుకమ్మా?"

"తెరుచుకోకుండా ఉంటుందో లేదోనని."

"అమ్మాయ్, పదిహేనో తారీఖున సెక్రటరీ మేడమ్ వస్తున్నారు. మనకి ఇంతవరకూ నూటికి నూరు. ఫస్టున పాసైన పిల్లని పిలిచి, ఏదీ ఒక్కసారి ఫెయిలవ్వు చూద్దాం అంటావేంటమ్మా?"

"తాళమంటే తప్పు చెవికి తెరుచుకోకపోవడమే కదండీ."

రాజుగారు కాసేపు ఆలోచించారు. ఆలోచించినప్పుడల్లా ఆయన ఒక్క చోటికే చేరుకుంటారు. "సరే, దరఖాస్తు పెట్టు."

పెట్టింది. 'ఒక తప్పు చేయుటకు అనుమతి కోరుట గురించి.' భాష్యం గారు నాలుగు రోజులకు ఒక ప్రశ్న వేసి వెనక్కి పంపారు: 'ఏ తప్పు చేయదలచితిరో ముందుగా తెలిపి, సదరు తప్పునకు ఆమోదము పొందవలెను.' హైమవతి 'అరటికాయ వేపుడు' అని రాసింది. తొమ్మిది రోజులకు ఫైలు మూడు సంతకాలతో తిరిగొచ్చింది. 'ఆమోదించడమైనది.'

కీబోర్డు బీరువాలోంచి దిగింది. ముగ్గురూ చుట్టూ నిలబడ్డారు. మిక్సీ తిరిగింది. హైమవతి దుప్పట్లో దూరి 'అరటికాయ వేపుడు' అని కొట్టి, దుప్పటి లాగి అవతల పారేసింది. తెర మీద గుత్తివంకాయ కూర, ఉప్పూ కారంతో సహా.

"చూశారా సార్! తప్పు కొట్టినా తెరుచుకుంది!"

భాష్యం గారు చలించలేదు. "ఆమోదిత పాస్‌ఫ్రేజ్ కొట్టితివి. తెరుచుకొనినది. ఇందు వింత యేమున్నది?"

"అది తప్పు పాస్‌ఫ్రేజ్ అండి!"

"ప్రభుత్వము ఆమోదించిన పిమ్మట అది తప్పు ఎట్లగును?"

రాజుగారి మొహం వెలిగిపోయింది. "అదీ లెక్క! ఇంకోటి పాస్!" అని చార్టు మీద మరో నక్షత్రం అంటించారు.

ఆ సాయంత్రం జగన్నాథపురం బస్సులో హైమవతికి కిటికీ పక్క సీటు దొరికింది గానీ గాలి ఆడలేదు. పదకొండేళ్ళుగా ఈ మనుషుల మధ్య బతుకుతున్నానే అని తన మీద తనకే అసహ్యం వేసింది. ఏడుపు కూడా వచ్చింది. బస్సు వంతెన ఎక్కేసరికి మాత్రం ఏడుపు ఆగింది. వాళ్ళు ఆమోదించింది ఒప్పయితే, వాళ్ళు తిరస్కరించింది తప్పు కావాలి కదా. వాళ్ళ చేతనే తప్పని రాయించుకోవాలి. ఏ అధికారీ చచ్చినా ఆమోదించని వాక్యం ఒకటి కావాలి. దాని కోసం ఆమె పెద్దగా వెతుక్కోలేదు. ఎన్నాళ్ళనుంచో నాలుక చివరే ఉంది.

మర్నాడు రెండో దరఖాస్తు పెట్టింది. రాజుగారు చదివారు. కళ్ళజోడు తీసి మళ్ళీ చదివారు.

"ఏంటమ్మా ఇది? 'డైరెక్టరు గారికి బుద్ధి లేదు'?"

"తప్పు పాస్‌ఫ్రేజ్ అండి. ఆమోదం కోసం."

"ఆమోదమా! ఎంత ధైర్యం నీకు!"

"తమరికి ఒప్పనిపిస్తే ఆమోదించండి సార్. తప్పనిపిస్తే తప్పని రాయండి."

"తప్పే! నూటికి నూరుపాళ్ళు తప్పు!"

"అదే రాసి సంతకం పెట్టండి సార్."

రాజుగారు ఎర్ర సిరా పెన్ను తీసి కాగితం చిరిగేలా రాశారు: 'తప్పు. తిరస్కరించడమైనది.' భాష్యం గారు కింద జోడించారు: 'సదరు వాక్యము ముమ్మాటికీ తప్పు. ఏ పరిస్థితులయందును, ఎన్నటికిని, ఒప్పు కానేరదు.' మూడో సంతకం ఇన్‌చార్జి అకౌంట్సు అధికారిది. యేసుపాదం కాగితం చదివి, పెన్ను పట్టుకుని, తల గోక్కున్నాడు.

"ఏం, నీకేమైనా సందేహమా?" అన్నారు రాజుగారు.

"అబ్బే, లేదండి. అయ్యగారు తప్పంటే తప్పేనండి" అని సంతకం పెట్టాడు.

హైమవతికి సంజాయిషీ నోటీసు కూడా ఇచ్చారు. ఆమె రెండు కాగితాలూ జాగ్రత్తగా ఫైల్లో పెట్టుకుంది.

పదిహేనో తారీఖు వచ్చింది. గోదాము నిండా మామిడాకు తోరణాలు, అగరొత్తులు. అయినా ఎండుచేపల వాసనే పైచెయ్యి. సెక్రటరీ వసుంధరా నాయక్ గారు ముక్కుకి చేతిరుమాలు అడ్డం పెట్టుకుని వచ్చారు. వెనకాల నలుగురు పోలీసులు ఒక ఇనప ట్రంకుపెట్టె మోసుకొచ్చారు. దాంట్లో ప్రశ్నపత్రాలున్నాయి. వజ్రకవచం ఎంత గట్టిదో మేడమ్ కళ్ళారా చూశాక, ఆ పత్రాలు కంప్యూటరులోకి ఎక్కుతాయి. ఇక అక్కడినుంచి ఆ ట్రంకుపెట్టెకి పనిలేదు.

రాజుగారు ఉపన్యసించారు. "మూడువందల ఏడు పరీక్షలు! మూడువందల ఏడు విజయాలు! అపజయమనేది మా వజ్రకవచానికి తెలియదు!" ఆ ముక్క మాత్రం నిజమేనని హైమవతి అనుకుంది.

కీబోర్డు పళ్ళెంలో పసుపూ కుంకంతో వచ్చింది. యేసుపాదం మిక్సీ మీట నొక్కాడు. ముగ్గురూ దుప్పటి అంచు పట్టుకుని వరుసలో నిలబడ్డారు. హైమవతి కీబోర్డు తగిలించింది. అక్కడితో ఆమె పక్కకి తప్పుకోవాలి. తప్పుకుంటే పదకొండేళ్ళ ఉద్యోగం నిలబడుతుంది. ఆ ట్రంకుపెట్టెని చూసింది. భయం వేసింది, అయినా కుర్చీ లాక్కుని కూర్చుని దుప్పటీ గిప్పటీ లేకుండా ఒక్క వాక్యం కొట్టింది.

పెద్ద తెర మీద అక్షరాలు మెరిశాయి: 'లేత వంకాయలు అరకిలో.' హాలంతా చప్పట్లు. రాజుగారు కూడా అలవాటు కొద్దీ చప్పట్లు కొట్టేసి, సగంలో ఆపారు.

"ముగ్గురు కొట్టాలన్నారు కదా, ఈవిడ ఒక్కతే కొట్టిందేం?" అన్నారు సెక్రటరీ గారు.

హైమవతి లేచి ఫైలు ఇచ్చింది. "నేను కొట్టింది ఇదేనండి మేడమ్. తప్పని ముగ్గురూ సంతకాలు పెట్టారు."

సెక్రటరీ గారు ఫైలు తెరిచారు. ముందున్న మైకు సంగతి ఆవిడ మర్చిపోయారు. "డైరెక్టరు గారికి బుద్ధి లేదు" అని గోదాము నాలుగు మూలలా వినబడింది. యేసుపాదం గబుక్కున మిక్సీ కట్టేశాడు, దాంతో ఆ తర్వాతి మాటలు ఇంకా బాగా వినబడ్డాయి. "ముమ్మాటికీ తప్పు. ఎన్నటికిని ఒప్పు కానేరదు."

ఆవిడ ఫైలు మూశారు. "రాజుగారూ, ఇది తప్పయితే మీ తాళం పనిచెయ్యట్లేదు. తాళం పనిచేస్తుంటే ఇది ఒప్పు. రెండింట్లో ఏదో మీరే చెప్పండి."

రాజుగారు భాష్యం గారి వైపు చూశారు. భాష్యం గారు నిబంధనల పుస్తకం వైపు చూశారు. గోడ మీద చార్టు నిండా నక్షత్రాలు. మూడువందల ఏడు విజయాలు, ఢిల్లీకి పంపిన అవార్డు ప్రతిపాదన, అచ్చయిపోయిన ఆహ్వాన పత్రికలు.

"తాళం పనిచేస్తోందండి" అన్నారు రాజుగారు. తర్వాత, చాలా మెల్లగా, "అది ఒప్పేనండి."

సెక్రటరీ గారు చేతిరుమాలు మళ్ళీ ముక్కుకి అడ్డం పెట్టుకున్నారు. పోలీసుల వైపు తిరిగి, "ఆ పెట్టె ఎలా తెచ్చారో అలాగే తీసుకుపొండి. పరీక్ష రోజు దాకా తాళం తియ్యద్దు" అని చెప్పి, కాఫీ కూడా పుచ్చుకోకుండా వెళ్ళిపోయారు.

ఆ వారంలోనే ఉత్తర్వు వెలువడింది. అందరికీ తెలిసిన పాస్‌ఫ్రేజ్ ఇక రహస్యం కాదు కనుక నోటీసు బోర్డులో అంటించారు: ''డైరెక్టరు గారికి బుద్ధి లేదు' అను వాక్యము సరియైనదిగా, పూర్వపు తిరస్కరణను రద్దు పరచుచు, ఇందుమూలముగా ధ్రువీకరించడమైనది.' కింద సుబ్బరాయరాజు గారి సంతకం, ఆఫీసు ముద్ర. వచ్చిపోయేవాళ్ళు ఆగి చదువుకుని, కాదనడానికి ఏమీ కనబడక ముందుకు సాగేవారు.

పక్కనే ఇంకో ఉత్తర్వు ఉంది. హైమవతిని ఉద్యోగంలోంచి తీసేశారు. తప్పు కొట్టినందుకు కాదు. అది తప్పు కాదని తేలిపోయింది కదా. సరియైన పాస్‌ఫ్రేజ్‌ను అనుమతి లేకుండా కొట్టినందుకు.

ఆమె బల్ల సర్దుకుంటుంటే యేసుపాదం సీసాడు అల్లప్పచ్చడి తెచ్చి సంచిలో పెట్టాడు. "మీకు నా మీద కోపం లేదు కదండీ?" అన్నాడు. "మీరు మింగకపోతే నాకు తెలిసేది కాదండీ, కోపమెందుకు?" అంది. మెట్లు దిగుతున్నప్పుడు మాత్రం ఏడ్చింది. పదకొండేళ్ళు మరి.

పరీక్ష నాటి ఉదయం పిఠాపురం కాలేజీలో హైమవతి ముందు బెంచీలో కూర్చుంది. ఆ పొద్దున టీ కొట్లో పేపరు గురించి ఎవరూ మాట్లాడుకోలేదు. ఎండల గురించి మాట్లాడుకున్నారు. ఇన్విజిలేటరు ముసలాయన ఇనప పెట్టె తెచ్చి బల్ల మీద పెట్టి, "సాక్షిగా మీరొకరు రండమ్మా" అని ఆమెనే పిలిచాడు. ఆయన దగ్గర పెద్ద తాళంచెవుల గుత్తి ఉంది. ఒకటి పెట్టి తిప్పాడు. తిరగలేదు. రెండోది పెట్టాడు. అదీ తిరగలేదు.

"టైమైపోతోంది సార్" అని వెనకనుంచి ఎవరో విసుక్కున్నారు.

"ఏం చెయ్యను బాబూ, మొరాయిస్తోంది" అన్నాడాయన.

"తొందరేం లేదండి" అంది హైమవతి. తప్పుడు చెవిని పట్టుకుని కాదు పొమ్మంటున్న ఆ తుప్పు తాళాన్ని ఆమె కళ్ళార్పకుండా చూస్తోంది. అలాంటి తాళాన్ని చూసి ఎన్నాళ్ళయిందో. నాలుగో చెవికి అది టక్కున తెరుచుకుంది. పేపరు చేతికొచ్చేసరికి కళ్ళు తడిసిపోయి మొదటి ప్రశ్న కనబడలేదు. పైట కొంగుతో తుడుచుకుని, రాయడం మొదలుపెట్టింది.